రక్తపరీక్ష ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల వచ్చే కంటి జబ్బును 'రక్తపరీక్షతో నిర్ధారిస్తారు' అని మీ ఆరోగ్యం పేజీలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఏళ్లుగా ఆ జబ్బుతో ఉన్నదాన్ని కనుక ఆ వాక్యాన్ని ఒప్పుకోలేను.

నా కుడికంటి రెటీనా (కంటి లోపలి వెనుక తెర) మీద పుట్టుకతో వచ్చిన మచ్చ ఉంది. దాని అంచున మళ్లీ వాపు వచ్చినప్పుడు కంటి ముందు నలుసులు తేలాయి, చూపు మసకబారింది. ముందుగా చూసిన వైద్యుడు కంటిపాపను విప్పార్చి లోపల చూడకుండానే స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే రాశారు. మసక ఇంకా పెరిగింది. ఆ తర్వాత ఒక రెటీనా నిపుణురాలు చుక్కల మందు వేసి చూశారు. పాత నల్లమచ్చ పక్కనే కొత్తగా తెల్లటి పుండు, పొగమంచులో బండి దీపంలా కనిపించిందట. రోగ నిర్ధారణ చాలావరకు అక్కడే జరిగిపోయింది.

రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అంటే ఆ పరాన్నజీవి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లో చేరిందని మాత్రమే అర్థం. కంటి జబ్బు లేని కోట్ల మందికీ ఆ ఫలితమే వస్తుంది. రోగనిరోధక శక్తి బాగున్నవారికి నెగటివ్ వస్తే మాత్రం అనుమానం చాలావరకు తీరుతుంది. హెర్పిస్, సిఫిలిస్, క్షయ కూడా రెటీనాను ఇలాగే దెబ్బతీయగలవు కనుక, రూపం చూసి తేలకపోతే కంటిలోని ద్రవం తీసి, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు.

మందుల మాటా సరిగా చెప్పాలి. పిరిమెథమిన్, సల్ఫాడయజిన్ కలిపి గానీ, ట్రైమెథోప్రిమ్-సల్ఫామెథాక్సజోల్ గానీ సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఇస్తారు. సల్ఫా మందులు పడనివారికి క్లిండమైసిన్ వంటివి ఉన్నాయి. పిరిమెథమిన్ వాడేవారికి రక్తకణాలు తగ్గకుండా ఫోలినిక్ ఆమ్లం ఇవ్వాలి; మామూలు ఫోలిక్ ఆమ్లం దానికి బదులు కాదు. రక్తకణాల లెక్క కూడా తరచూ చూపించుకోవాలి. స్టెరాయిడ్ వాపు తగ్గించడానికి పనికొస్తుంది, కానీ పరాన్నజీవిని అణిచే మందు తోడు లేకుండా ఇస్తే కంటికి చేటు. నా అనుభవమూ అదే.

ఏ మందూ రెటీనాలో దాగిన పరాన్నజీవి తిత్తులను పూర్తిగా చంపలేదు. అందుకే జబ్బు తిరగబెడుతుంది. పాత మచ్చ ఉన్నవారు కొత్తగా నలుసులు కనిపిస్తే రోజులు గడపకుండా రెటీనా వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

ఇంకొక మాట. వ్యాసం చదివి భయంతో పిల్లులను తరిమేయనక్కర్లేదు. వాటి మలంలో వచ్చే ఈ పరాన్నజీవి వ్యాధి సోకించే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది; మలాన్ని రోజూ తీసి శుభ్రం చేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. గర్భిణులు మాత్రం ఆ పని ఇతరులకు అప్పగించాలి. సరిగా ఉడకని మాంసం కూడా అంతే ప్రమాదమని వ్యాసంలో ఎక్కడా లేదు. దయచేసి ఈ సవరణలను అదే పేజీలో ప్రచురించండి.

— ఒక పాఠకురాలు