ప్రవాసుల కాగితాలకు ప్రతులు తీయించాలి

సంపాదకుల వారికి,

రష్యన్, స్లావ్ సంస్కృతిని విదేశాల్లో భద్రపరుస్తున్న మ్యూజియంలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వాషింగ్టన్‌లోని హిల్‌వుడ్ మ్యూజియంలో ఉన్న ఫాబెర్జే గుడ్ల (రష్యా చక్రవర్తుల కోసం చేసిన గుడ్డు ఆకారపు నగల కళాఖండాల) గురించి చక్కగా రాశారు గానీ, ప్రవాసుల పత్రికలు, ఉత్తరాల ఊసే లేకపోవడం బాధ కలిగించింది. వజ్రాలు పొదిగిన గుడ్డును ఎవరైనా కంటికి రెప్పలా చూసుకుంటారు. నాసిరకం కాగితం మీద అచ్చయిన పత్రిక మాత్రం పసుపెక్కి, మడత పెట్టిన చోట పెళుసై, తిరగేయబోతే చేతిలోనే ముక్కలవుతుంది.

1917 విప్లవం తర్వాత దేశం విడిచి, చైనాలోని హర్బిన్, షాంఘై మీదుగా అమెరికా చేరిన కుటుంబాల కాగితాలెన్నో 1948లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన రష్యన్ సంస్కృతి మ్యూజియంలో ఉన్నాయి. రష్యన్ వచ్చినంత మాత్రాన ఇలాంటి ఉత్తరాలు సాఫీగా చదవలేం. 1918లో జరిగిన రష్యన్ లిపి సంస్కరణకు ముందు హల్లుతో ముగిసే ప్రతి మాట చివరా ఉచ్చారణ లేని ఒక గుర్తు రాసేవారు. ఆ సంస్కరణ తొలగించిన ‘యాత్’ అనే అక్షరం అడుగడుగునా వచ్చేది. ప్రవాసుల్లో చాలామంది ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఆ పద్ధతినే వదలకుండా రాశారు. ఆ చేతిరాతను ఇంటి పెద్దల దగ్గర నేర్చుకున్న తరం ఉండగానే కేటలాగు తయారు కావాలి.

ఉన్న ఒక్క ప్రతినీ ఒకే కప్పు కింద ఉంచితే ఏమవుతుందో పారిస్ చెబుతుంది. అక్కడ 1875లో మొదలైన తుర్గేనెవ్ గ్రంథాలయం నుంచి 1940లో జర్మన్లు దాదాపు లక్ష పుస్తకాలు తరలించుకుపోయారు. వాటిలో తిరిగి వచ్చినవి చాలా తక్కువ. ప్రాగ్‌లో 1923లో ఏర్పడిన రష్యన్ ప్రవాస చరిత్ర భాండాగారాన్ని యుద్ధం ముగియగానే మాస్కోకు పంపేశారు, దాంతో ఆ కాగితాలు రాసినవారి వారసులకే అవి దశాబ్దాల పాటు అందకుండా పోయాయి. శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియం సేకరణలను స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ సంస్థతో కలిసి మైక్రోఫిల్మ్ చేయించడం (పేజీలను చిన్న ఫొటోలుగా ఫిల్మ్ మీదికి ఎక్కించడం) అందుకే నాకు ఎంతో విలువైన పనిగా కనిపిస్తుంది. స్వచ్ఛంద సేవకుల మీద నడిచే చిన్న మ్యూజియంలకు దాతలు ఇచ్చే డబ్బు కొత్త అద్దాల పెట్టెల కంటే ముందు ఇలాంటి ప్రతులకే వెళ్లాలని నా అభిప్రాయం.

మరో మాట. ఆ వ్యాసంలో అన్నింటినీ కలిపి ‘రష్యన్ వారసత్వం’ అన్నారు. ప్రాగ్‌లోని స్లావ్ గ్రంథాలయంలో ఉన్న 1918–1945 నాటి ప్రవాస పత్రికలను యునెస్కో 2007లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చినప్పుడు రష్యన్, ఉక్రేనియన్, బెలారసియన్ అని మూడు పేర్లనూ విడివిడిగానే రాసింది. మీ పత్రిక కూడా ఇకపై అలాగే రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు