నేను రాయని లెక్కలు నా పేరు మీద

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: కొత్త వెర్షన్ వచ్చాక పాత పక్షుల నమోదులు మారిపోవడం, ఎక్స్‌పోర్ట్ ఫైలులో సగం వివరాలు లేకపోవడం, గూళ్ల చోట్లు బయటపడటం గురించి.

అయ్యా,

నేను మీ యాప్‌కు చందా కట్టి వాడుతున్నాను. చూసిన పక్షులను నమోదు చేసుకోవడానికి ఉచితంగా దొరికే యాప్‌లు లేక కాదు. సిగ్నల్ లేని చోట కూడా చకచకా రాసుకోవచ్చని, పేర్లు వెతకడం సులువని, ‘మీ డేటా ఎప్పటికీ మీదే’ అని మీరు రాసుకున్న మాట నమ్మి మీ యాప్ తీసుకున్నాను. ఆ మాట గురించే ఈ ఉత్తరం.

అప్‌డేట్ అయ్యాక పాత చెక్‌లిస్టు, అంటే ఒక విడతలో చూసిన పక్షుల జాబితా, ఒకటి తెరిచి చూశాను. అందులో పిన్‌టెయిల్ బాతులు: 1 అని ఉంది. దాని కిందే వ్యాఖ్య గడిలో నేను రాసుకున్న వాక్యం ఉంది: ‘నీళ్లంతా పరుచుకుని ఉన్నాయి, ఎండ ఎదురుగా కొడుతోంది, లెక్కపెట్టడం కుదరలేదు.’ ఆ కింద వానకోయిలలు: 1. కోయిల, కూత మాత్రమే: 1. ఇంకో జాబితా తెరిస్తే అదే వరస. లెక్క వేయకుండా ‘ఉంది’ అని టిక్కు పెట్టిన ప్రతి చోటా మీ కొత్త వెర్షన్ ఒకటి అంకె వేసి పెట్టింది.

కారణం ఊహించగలను. కొత్త వెర్షన్‌లో సంఖ్య గడి అంకె తప్ప మరేదీ తీసుకోవడం లేదు. పాత టిక్కులను ఏం చేయాలో తోచక ఎవరో అన్నిటికీ ఒకటి వేసేశారు. పక్షుల నమోదులకు చాలామంది వాడే ఉచిత వేదిక ఈబర్డ్‌లో ఇలాంటి సందర్భానికే ‘ఎక్స్’ అనే అక్షరం ఉంది. పక్షి ఉంది, లెక్క తెలియదు అని దాని అర్థం. లెక్క తెలియకపోవడం ఒక సంగతి, ఒకటే ఉండటం ఇంకో సంగతి. ఆ గడి ఖాళీగా వదిలేసినా కొంత నయం, చూసినవాడికి ఏదో పోయిందని అనుమానమైనా వచ్చేది. ఒకటి అంకెను ఎవరూ అనుమానించరు. ఏళ్ల తరబడి ఒకే నీటి వనరు దగ్గర బాతులు పెరిగాయా తగ్గాయా అని రేపు ఎవరైనా పోల్చి చూస్తే, ఆ చోట గుంపులన్నీ ఒక్క బాతుకు పడిపోయినట్టు కనబడుతుంది. సాక్షిగా నా పేరు ఉంటుంది.

సరే, ఉన్నదంతా దించుకుని వేరే చోటికి మార్చుకుందామని ఎక్స్‌పోర్ట్ నొక్కాను. వచ్చిన సీఎస్‌వీ (పట్టిక) ఫైలులో నాలుగే నిలువు వరుసలు: జాతి, తేదీ, సంఖ్య, చోటు. మొదలుపెట్టిన సమయం లేదు. ఎంతసేపు చూశానో, ఎంత దూరం నడిచానో, ఎంతమందిమి ఉన్నామో లేదు. వ్యాఖ్యలు లేవు కాబట్టి పైన చెప్పిన తప్పును పట్టించే ఆధారం కూడా పోయింది. అన్నిటికంటే ముఖ్యమైనది, ‘గుర్తుపట్టిన పక్షులన్నీ రాశాను’ అని ప్రతి జాబితా చివర నేను పెట్టే గుర్తు లేదు. ఆ గుర్తు ఉంటేనే జాబితాలో లేని పక్షి గురించి కూడా ఏదైనా చెప్పగలం. గంటసేపు నిలబడి చూసి అన్నీ రాసినవాడి జాబితాలో పిచ్చుక లేదంటే దానికి అర్థం ఉంది. దారిన పోతూ కనబడిన ఒక్క పక్షినే రాసుకున్నవాడి జాబితాలో పిచ్చుక లేకపోతే దానికి ఏ అర్థమూ లేదు. మీ ఫైలులో ఈ రెండూ ఒకే తీరుగా ఉన్నాయి.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. ఈబర్డ్ నుంచి సొంత డేటా దించుకుంటే నిమిషాలు, దూరం, పరిశీలకుల సంఖ్య, అన్నీ రాశారా లేదా అన్నది, వ్యాఖ్యలు, అన్నీ వస్తాయి. జీవవైవిధ్య నమోదుల మార్పిడికి డార్విన్ కోర్ అనే ప్రమాణం 2009 నుంచి ఉంది. పరిశీలనకు పెట్టిన శ్రమను, అంటే ఎంతసేపు, ఎంత దూరం లాంటివి, రాయడానికి అందులో ప్రత్యేకంగా ఒక గడి ఉంది. మీ దగ్గర ఆ సమాచారం లేకా? స్క్రీన్ మీద చూపిస్తూనే ఉన్నారు. ఫైలులోకి మాత్రం రానివ్వడం లేదు.

జాతుల విభజన సంగతి క్లుప్తంగా చెబుతాను. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ కాటిల్ ఎగ్రెట్‌ను 2023లో ఈబర్డ్ జాబితా తూర్పు, పడమర అని రెండు జాతులుగా విడదీసింది. అలాంటప్పుడు అక్కడ పాత నమోదులను చోటును బట్టి మారుస్తారు, ఏ జాతో తేలని చోట ‘రెంటిలో ఏదో ఒకటి’ అని ఉంచుతారు. మీరు పాత శాస్త్రీయ నామం పడమటి జాతికి మిగిలింది కదా అని అన్నీ దాని కిందే వేశారు. నేను తిరిగే చోట ఉండేది తూర్పు జాతి. ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకోమంటున్నారు.

గూళ్ల విషయంలో మాత్రం క్లుప్తంగా చెప్పలేను. గుడ్లగూబ గూడు ఉన్న చోటును నేను ‘నాకు మాత్రమే’ అని పెట్టుకున్నాను. కొత్త వెర్షన్‌లో ‘మీ దగ్గర్లో కనిపించినవి’ అనే మ్యాపు వచ్చింది, అది మొదటినుంచే ఆన్‌లో ఉంది, నా గూడు చుక్క చెట్టుతో సహా అందులో ఉంది. వేటగాళ్లూ, ఫొటో కోసం గూటి మీద పడేవాళ్లూ ఇంతకంటే ఏం కోరుకుంటారు? మొక్కలు, జంతువుల నమోదుల వేదిక ఐనాచురలిస్ట్‌లో ముప్పున్న జాతుల చోటును అక్షాంశ, రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక దగ్గర చుక్క పెట్టి దాస్తారు. ఈబర్డ్ సున్నితమైన జాతుల కచ్చితమైన చోటును బయటివాళ్లకు చూపించదు. మీరు వాటి దాకా వెళ్లనక్కర్లేదు, నేను పెట్టిన తాళాన్ని తీయకుండా ఉంటే చాలు. ఆ స్విచ్ నేను ఆపేశాను. ఈలోగా ఎందరు చూశారో మీకే తెలియాలి.

ఇదంతా ఇంతకుముందే ఒక ఉత్తరంలో రాస్తే మీ సిబ్బంది పంపిన జవాబు: యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి. సింక్ కాని జాబితాలు పసుపు గుర్తుతో ఫోన్‌లోనే నిలిచి ఉన్నాయని ఆ ఉత్తరంలోనే చెప్పాను. మీ మాట వినుంటే అవీ పోయేవి. చదవకుండా జవాబు ఇచ్చారనడానికి ఇంకేం కావాలి?

నేను అడిగేవి ఇవి. అప్‌డేట్‌కు ముందున్న బ్యాకప్ నుంచి నా సంఖ్య గడులు యథాతథంగా తిరిగి పెట్టండి. శ్రమ వివరాలు, వ్యాఖ్యలు, పూర్తి జాబితా గుర్తుతో సహా నా నమోదులన్నిటినీ ఒక ఫైలుగా పంపండి. ‘నాకు మాత్రమే’ అని ఉన్న చోట్లు ఎవరెవరివి బయటపడ్డాయో వాళ్లందరికీ మీరే తెలియజేయండి, నాకొక్కడికే చెప్పి ఊరుకోవద్దు. స్క్రీన్‌షాట్లు జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఫైలు నా చేతికి వచ్చేదాకా యాప్‌ను ఫోన్ నుంచి తీసేయను, చందా మాత్రం ఈరోజే ఆపేశాను.

ఇట్లు,
మీ చందాదారు