ఆ పాఠాన్ని తిరిగి చేర్చాలి

సంపాదకులు గారికి,

ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర పుస్తకం నుంచి 2022లో తొలి ఇస్లామిక్ రాజ్యాల పాఠాన్ని తీసేశారు. పిల్లలపై భారం తగ్గించడానికే అన్నారు. పాఠ్యపుస్తకాల కోతలపై చర్చ వచ్చినప్పుడల్లా మన దేశ చరిత్ర గురించే వాదించుకుంటున్నాం, ఈ పాఠం ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ఏళ్ల తరబడి చరిత్ర బోధించిన నాకు ఆ కోత ఏమాత్రం సమ్మతం కాదు.

ఆ కాలపు కట్టడాల్లో, జెరూసలేంలో ముస్లింల పవిత్ర మందిరమైన డోమ్ ఆఫ్ ద రాక్‌నే తీసుకోండి. ఖలీఫా అబ్దుల్ మలిక్ కట్టించిన ఈ భవనం 691-92లో పూర్తయింది. నడుమ పవిత్రమైన బండ, పైన గుమ్మటం, చుట్టూ స్తంభాల వరుసలు, వాటి మధ్య ప్రదక్షిణకు దారి, బయట ఎనిమిది గోడలు. ఈ పద్ధతి ఆ ప్రాంతపు క్రైస్తవులకు అప్పటికే అలవాటు. బెత్లెహేం దారిలోని ఐదో శతాబ్దపు కతిస్మా చర్చిలోనూ నడుమ బండ, చుట్టూ అష్టభుజి. నిండు చూలాలైన మరియమ్మ ఆ బండపై సేదతీరిందని వారి నమ్మకం. 1992లో రోడ్డు పనుల్లో దాని శిథిలాలు బయటపడ్డాయి. క్రీస్తు సమాధిపై ఉన్న చర్చి గుమ్మటం, ఈ గుమ్మటం రెండింటి వ్యాసమూ దాదాపు 20 మీటర్లే.

దీన్ని కాపీ అని తీసిపారేసేవారు లోపలి గోడలను చూడాలి. బంగారు మొజాయిక్‌లో తీగలు, ఆకులు, ఆభరణాలు బైజాంటైన్ (తూర్పు రోమన్ క్రైస్తవ సామ్రాజ్యపు) పనితనాన్నే చూపుతాయి కానీ మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. స్తంభాల పైన సుమారు 240 మీటర్ల పొడవున సాగే అరబిక్ శాసనం యేసును మరియమ్మ కుమారుడిగా, దేవుని ప్రవక్తగా గౌరవిస్తూనే, దేవుడు ఒక్కడే, (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటూ) ముగ్గురనకండి అని క్రైస్తవులకు చెబుతుంది. చర్చి కట్టే విద్యను అందుకుని, ఆ గోడల మీదే చర్చితో వాదానికి దిగారు. అరువు తెచ్చుకున్నారని దాచిపెట్టేవారికీ, అరువేనని ఎగతాళి చేసేవారికీ ఈ సంగతి పట్టదు.

డమాస్కస్ పెద్ద మసీదు కథ ఇంకా లోతైనది. అక్కడ మొదట జూపిటర్ గుడి, తర్వాత బాప్తిస్మమిచ్చే యోహాను చర్చి ఉండేవి. ఎనిమిదో శతాబ్దం మొదట్లో ఖలీఫా అల్ వలీద్ ఆ చర్చిని తొలగించి మసీదు కట్టించాడు. క్రైస్తవుల గుండె మండే ఉంటుంది, పాఠంలో అదీ చెప్పాలి. ప్రార్థనశాలలో మాత్రం చర్చిల్లో ఉన్నట్టే మూడు పొడవాటి నడవలు. చర్చిలో ఆ పొడవు చివరనున్న బలిపీఠం వైపు చూస్తారు, ఇక్కడ మక్కా దిశలోని పొడుగాటి దక్షిణపు గోడకు ఎదురుగా నిలబడతారు. నడవలు అవే, నిలబడే దిక్కు మారింది. యోహాను ముస్లింలకూ ప్రవక్తే. ఆయన శిరస్సు ఉందని చెప్పే సమాధి మందిరం నేటికీ మసీదు లోపలే ఉంది. 2001లో పోప్ రెండో జాన్ పాల్ అక్కడికి వెళ్లారు.

కొత్త పుస్తకాలు సిద్ధమవుతున్న ఈ సమయంలోనే ఎన్‌సీఈఆర్‌టీ ఆ పాఠాన్ని తిరిగి చేర్చాలి. కతిస్మా చర్చి, డోమ్ ఆఫ్ ద రాక్ నేల నమూనాలను ఒకే పేజీలో పక్కపక్కన ముద్రించాలి. ఈ విషయాన్ని మీ పత్రిక విద్యా పేజీలో చర్చకు పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
తెనాలి