గ్రైండింగ్ వీల్ బిగించే ముందు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు పీణ్యా పారిశ్రామిక వాడలో సర్ఫేస్ గ్రైండింగ్ (తిరిగే రాపిడి చక్రంతో లోహపు తలాన్ని చదునుగా అరగదీసే పని) నేర్చుకునే మన కుర్రవాళ్లు కొలత తప్పితే మెషీన్‌ను తిడతారు కానీ, లోపం చాలాసార్లు వీల్‌ను సిద్ధం చేయడంలోనే ఉంటుంది. పొడిగా ఉన్న విట్రిఫైడ్ వీల్‌ను (రాపిడి రేణువులను పింగాణీ లాంటి బంధకంతో కాల్చి చేసిన చక్రాన్ని) వేలాడదీసి చెక్కపిడితో మెల్లగా తడితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే పగులుందని పక్కన పెట్టాలి. ఇది చాదస్తం కాదు. వీల్‌ను ఇరువైపులా పట్టి ఉంచే ఫ్లాంజీలకూ వీల్‌కూ నడుమ కాగితపు బిళ్లలు ఉంచి బిగించి, గార్డు మూసి, పక్కకు నిలబడి ఒక నిమిషం ఉత్తగా తిప్పిన తరువాతే డ్రెస్సింగ్ (వజ్రపు మొనతో వీల్ ముఖాన్ని చెక్కి సరిచేయడం) మొదలుపెట్టాలి. డైమండ్ మొనను 10 నుంచి 15 డిగ్రీలు వాల్చి, వీల్ తిరిగే దిశలో మధ్యరేఖకు కాస్త అవతల నిలిపి, విడతకు 0.02 మిల్లీమీటర్లు మించకుండా, మొదటి నుంచీ కూలెంట్ (చల్లబరిచే ద్రవం) ధారాళంగా పోస్తూ నడపాలి. పని ముగిశాక కూలెంట్ ఆపి వీల్‌ను కాసేపు తిప్పకపోతే, లోపలి ద్రవం అడుగుకు దిగి, మరునాడు బ్యాలెన్స్ తప్పి జాబ్‌పై, అంటే అరగదీసే లోహపు ముక్కపై, అలలు పడతాయి. ఈ సంగతులను మీ పత్రిక విద్యా పుటలో బొమ్మలతో ప్రచురించాలని మనవి.

— ఒక టూల్‌రూమ్ ఉద్యోగి, బెంగళూరు