నాన్న కోసం వచ్చిన మీ అందరికీ

అందరికీ నమస్కారం.

నాన్న పోయాక ఫోన్ చేసినవాళ్ళు, ఇంటికొచ్చి పలకరించినవాళ్ళు, రాలేక మెసేజ్ పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ రోజుల్లో ఎవరితో ఏం మాట్లాడామో మాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. కాస్త తేరుకున్నాక అమ్మ, అన్నయ్య, నేను కూర్చుని ఎవరెవరికి థాంక్స్ చెప్పాలో ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాం. కాగితం రెండో పక్కకి తిప్పాల్సి వచ్చింది. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు. పేరు బయట పెడితే ఇబ్బంది పడేవాళ్ళే ఇందులో ఎక్కువ. మీ గురించి రాసింది మీ కంట పడితే మీకే తెలిసిపోతుంది.

నాన్న పెద్ద పదవులు చేసిన మనిషి కాదు. అకౌంట్స్ సెక్షన్‌లో చేరి అకౌంట్స్ సెక్షన్‌లోనే రిటైరయ్యారు. ఆఫీసు వదిలాక ఆయన ఎక్కడున్నారో వెతకాల్సిన పని మాకెప్పుడూ పడలేదు, నేరుగా ఇంటికే వచ్చేవారు. చొక్కా మార్చుకుని మా పుస్తకాల సంచులు ముందేసుకునేవారు. పెన్సిళ్ళు చెక్కడం, చిరిగిన పుస్తకాలకి అట్టలు వేయడం, హోంవర్క్ చూడడం అన్నీ ఆయన పనే. అమ్మ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాల్సి వచ్చిన ఏడాది నాకు జడలు వేయడం నేర్చుకున్నారు. మొదట్లో ఒక జడ పైకీ ఒక జడ కిందికీ ఉండేది, క్లాసులో నవ్వేవాళ్ళు. నేను ఏడిస్తే దువ్వెన పట్టుకుని మళ్ళీ మొదటినుంచి పాయలు తీసేవారు. కొన్నాళ్ళకి ఎంత గట్టిగా అల్లేవారంటే సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక చెదిరేది కాదు.

కోపం లేని మనిషని మాత్రం చెప్పను. ఫ్యాన్ ఆపకుండా గదిలోంచి బయటికొస్తే పెద్ద క్లాసు పీకేవారు. చెప్పిన టైముకి ఎవరైనా రాకపోతే వాళ్ళు వచ్చేదాకా గుమ్మానికీ గేటుకీ మధ్య పచార్లే. కానీ అన్నయ్య ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఒక్క మాట అనలేదు. వాడి ఇన్సూరెన్స్ కట్టే తేదీ దాటిపోతుందని తనే వెళ్ళి కట్టేసి, డైరీలో "పెద్దాడి ప్రీమియం కట్టాను" అని రాసుకున్నారు. వాడితో చెప్పలేదు, అమ్మతోనూ చెప్పలేదు. ఆ వాక్యం మేం చదివింది మొన్ననే.

ఆ డైరీల సంగతి మా ఇంటికొచ్చే వాళ్ళందరికీ తెలుసు. ఏడాదికొకటి. కరెంటు మీటర్ రీడింగు, గ్యాస్ బండ మార్చిన తేదీ, మా ఎత్తులు, ఎవరికి జ్వరం వచ్చింది, ఏ మందు వేశాం. అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. జబ్బు మొదట బయటపడింది కూడా అందులోనే. వాక్యం మొదట్లో అక్షరాలు మామూలుగానే ఉండి, చివరికొచ్చేసరికి చిన్నవైపోయేవి. రానురాను గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో పోల్చుకోలేనంతగా కుంచించుకుపోయాయి. కళ్ళద్దాలు మార్చాలేమో అనుకున్నాం. అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే ఆయనకి వాసనలు సరిగ్గా తెలిసేవి కావు. నిద్రలో అరవడం, కాళ్ళు విసరడం ఉండేది. ఇవన్నీ ఒకే జబ్బుకి చెందినవని మామూలు మనుషులకి తట్టే విషయం కాదు.

న్యూరాలజిస్ట్ డాక్టరమ్మకి తట్టింది. చేతిలో వణుకు కూడా పెద్దగా లేని మనిషి చేత ఒక వాక్యం రాయించి, ఇంట్లో ఈయన పాత రాత ఏదైనా ఉందా అని అడిగారు. పాత డైరీ తీసుకెళ్ళాం. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు, నడిపించి చూశారు, వేళ్ళు ఆడించమన్నారు. పార్కిన్సన్స్ అన్నారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టరు దీని గురించి మొదట వివరంగా రాసినప్పుడు ఆయన దగ్గరున్నది ఆరుగురి వివరాలేననీ, వాళ్ళలో కొందరు వీధిలో కనబడితే గమనించినవాళ్ళేననీ ఆవిడ చెప్తే, "ఆరుగురితోనే లెక్క తేల్చేశాడా!" అన్నారు నాన్న. గదిలోకి వెళ్ళాక ఆయన నోరు విప్పడం అదే మొదలు. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల కదలికలు నెమ్మదిస్తాయట. డోపమైన్‌ని నేరుగా ఇస్తే మెదడులోకి వెళ్ళదు, అందుకని అక్కడికి చేరాక డోపమైన్‌గా మారే లెవోడోపా ఇస్తారు. ఇదంతా బొమ్మ గీసి చెప్పారు. జబ్బుని పూర్తిగా నయం చేసే మందు లేదన్న మాట కూడా దాచలేదు.

డాక్టరమ్మా, మేం మీకు ఎక్కువ రుణపడింది మాత్రం ఇంకో సంగతికి. ముఖ కండరాలు బిగుసుకుపోయి నాన్న ముఖంలో ఏ భావమూ కనిపించేది కాదు. అది చూసి, ఈయనకేం అర్థం కావడం లేదనుకుని చాలామంది ఆయన ఎదురుగానే మమ్మల్ని అడిగేవారు, "రాత్రి నిద్రపోతున్నారా? మనుషుల్ని గుర్తుపడుతున్నారా?" అని. మీరు ఒక్కసారీ అలా చేయలేదు. ప్రశ్న ఆయన్నే అడిగి, జవాబు ఎంత ఆలస్యమైనా ఆగేవారు. బయట క్యూ ఎంత ఉన్నా సరే.

ఫిజియోథెరపిస్ట్ అమ్మాయికి. హాలంతా బాగానే నడిచే నాన్న గుమ్మం దగ్గరికి రాగానే కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోయేవారు. తొందరపెడితే ముందుకి పడిపోతారు. నువ్వు రంగు టేపు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన అడుగు కొలిచి గుమ్మాల దగ్గర అడ్డగీతలు అతికించావు. గీత దాటాలి అనుకోగానే కాలు లేచింది! మామూలుగా తనంతట తాను సాగిపోయే నడక మొరాయించినప్పుడు, కంటికి ఒక గుర్తు దొరికినా, చెవికి ఒక తాళం వినబడినా దాని ఊతంతో అడుగు పడుతుందని చెప్పావు. అప్పటినుంచి అన్నయ్య కొడుకు "ఒకటీ, రెండూ" అని అరుస్తూ తాతయ్య ముందు నడిచేవాడు. వాడు మధ్యలో ఒక అంకె మింగేస్తే నాన్న టక్కున ఆగి, "ఏడు తర్వాత తొమ్మిదా?" అనేవారు. ఇక మళ్ళీ మొదటినుంచి.

పేషెంట్ల కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళకి, మనం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిపి వేస్తే లెవోడోపా సరిగ్గా పనిచేయకపోవచ్చనీ, టైము మార్పు గురించి డాక్టర్ని అడగమనీ మాకు ముందు చెప్పింది మీరే. అడిగాం, మార్చారు, మధ్యాహ్నాలు నాన్న కాస్త తేలిగ్గా తిరగడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 11న, అంటే పార్కిన్సన్ పుట్టినరోజున, ప్రపంచమంతా ఈ జబ్బు గురించి మాట్లాడుతుంది. మీరు అర్ధరాత్రి కూడా జవాబిచ్చేవాళ్ళు.

ఇక ఆఫీసు అంకుల్. మీ గురించి రాయడం కష్టంగా ఉంది.

చెయ్యి అసలు సహకరించకపోయేసరికి నాన్న డైరీ మూసేశారు. మేం రాస్తామంటే వద్దన్నారు. పిల్లలకి ఈ గుమాస్తా పనేంటి అన్నారు. ఒక సాయంత్రం మీరొచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని, "చెప్పండి సార్, రాసుకుంటాను" అన్నారు. అలా నడిచింది ఇంక. ఆయన గొంతు అప్పటికే బాగా తగ్గిపోయింది, దగ్గరగా వంగితే గానీ వినబడేది కాదు. ఒక వాక్యానికి చాలాసేపు పట్టేది. మధ్యలో మాట దొరక్క ఆగిపోయేవారు. ఆ మాట ఏమిటో మాకు తెలిసిపోయేది, తొందరపడి అందించేయాలనిపించేది. మీకూ తెలిసే ఉంటుంది. అయినా పెన్ను పట్టుకుని అలాగే కూర్చునేవారు గానీ, ఒక్క మాట కూడా ఆయనకి బదులు మీరు పూర్తి చేయలేదు. రాశాక చదివి వినిపించేవారు. "రీడింగు తప్పు" అంటే వెళ్ళి మీటరు చూసొచ్చేవారు. నిజంగా తప్పే ఉండేది ఒక్కోసారి. ఆ డైరీలో మీ చేతిరాత, నాన్న మాటలు. మీకు మోకాళ్ళ నొప్పులున్నాయని, మెట్లెక్కి వచ్చేవారని మాకు తర్వాత ఆంటీ చెబితే తెలిసింది.

పక్కింటి అబ్బాయిలిద్దరికీ, రాత్రి ఏ వేళలో తలుపు కొట్టినా విసుక్కోకుండా వచ్చి నాన్నని లేపి కూర్చోబెట్టినందుకు. ఎలా లేపాలో ఫిజియోథెరపిస్ట్‌ని అడిగి నేర్చుకున్నారు. చంకల్లో చేతులు పెట్టి లాగకూడదని మా చుట్టాలందరికీ మీరే క్లాసు తీసుకున్నారు.

మా పిన్నికి, వదిన వాళ్ళ అమ్మగారికి: మీరు నాన్న కోసం కాదు, అమ్మ కోసం వచ్చారు. "నువ్వు వెళ్ళి పడుకో, మేమున్నాం" అని తలుపు దగ్గరకేసి పడుకోబెట్టేవారు. ఇంట్లో పేషెంట్ ఉంటే అందరూ ఆయన ఎలా ఉన్నారనే అడుగుతారు, చూసుకునే మనిషి నిద్రపోయి ఎన్నాళ్ళైందో అడిగేవాళ్ళు తక్కువ. ఆ కాసేపటి నిద్రతోనే అమ్మ నెట్టుకొచ్చింది. (గ్యారంటీగా తగ్గిపోతుందంటూ వీడియోలు పంపినవాళ్ళు కూడా ఉన్నారు. ప్రేమతోనే పంపారని తెలుసు. నాన్న మాత్రం వాటిని చూసి, "ఖర్చు కాలమ్‌లో ఎంత వేశాడు?" అని అడిగేవారు.)

న్యుమోనియాతో హాస్పిటల్లో చేర్చినప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మింగడం కష్టమైన పార్కిన్సన్స్ పేషెంట్లకి ఇది తరచుగా ఎదురయ్యే ప్రమాదమే. వార్డులో మందులిచ్చే టైములు వేరు, నాన్న మందుల టైములు వేరు. ఈయనకి డోసు ఆలస్యమైతే శరీరం కొయ్యబారిపోతుంది. అన్నయ్య టైములన్నీ రాసి మంచానికి అంటిస్తే, ఆ కాగితాన్ని నిజంగా చదివిన మనిషి నైట్ డ్యూటీ సిస్టర్. డాక్టరుతో మాట్లాడి మా టైములే చార్టులో వేయించారు. వాంతులవుతున్నాయని ఒక ఇంజెక్షన్ రాస్తే, చేతిలోకి తీసుకుని కూడా ఆగి, "ఈయనకి పార్కిన్సన్స్ కదా, ఇది ఇవ్వొచ్చా సార్?" అని ఫోన్ చేసి అడిగారు. వాంతుల మందుల్లో కొన్ని డోపమైన్ పనిని అడ్డుకుంటాయి, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి అవి పడవు. అది మార్చి వేరేది ఇచ్చారు. సిస్టర్, ఆసారి నాన్న ఇంటికి తిరిగొచ్చారు. మనవరాలి పుట్టినరోజు చూశారు. డైరీలో ఆమె ఎత్తు రాయించారు.

రెండోసారి రాలేదు. చివర్లో డాక్టర్లు మాతో కూర్చుని విడమరిచి మాట్లాడారు, నొప్పి, ఆయాసం లేకుండా చూసుకున్నారు. మేమంతా పక్కనే ఉన్నాం.

తర్వాతి కాగితాల పనిలో, అంటే మరణ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు, అమ్మ పెన్షన్, వీటికి మాతో తిరిగిన ఆయన పాత స్టాఫ్‌కి చాలా థాంక్స్. సగం పని నాన్నే చేసిపెట్టి వెళ్ళారు. డైరీ వెనక పేజీలో ఏ కాగితం ఏ ఫైల్లో ఉందో, ఎక్కడ ఎవరు నామినీయో వరసగా రాయించి ఉంచారు. చివర, "అమ్మ కళ్ళజోడు పవర్ చూపించాలి, వాయిదా వేస్తోంది" అని ఉంది. చూపించాం నాన్నా, మారింది.

రెండు విన్నపాలు. మీలో ఎవరి దగ్గరైనా నాన్న చేత్తో రాసిన ఉత్తరమో, చీటీయో, లెక్కల కాగితమో ఉంటే ఫొటో తీసి పంపండి. కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లల కోసం అన్నీ ఒకచోట చేరుస్తున్నాం.

ఇంకొకటి, ఆయన వాడిన వీల్‌చెయిర్, వాకర్, మంచానికి బిగించే కడ్డీలు శుభ్రం చేసి ఉంచాం. వాకర్ రబ్బరు బుడిపెలు కొత్తవి వేయించాడు అన్నయ్య. ఎవరింట్లోనైనా అవసరముంటే అన్నయ్యకి గానీ నాకు గానీ మెసేజ్ పెట్టండి. డబ్బులేం వద్దు. మీ పని అయ్యాక ఇంకెవరికైనా ఇచ్చేయండి.