ఉన్న పేర్లన్నీ రాయి మాధవీ

చి.ల.సౌ. మాధవికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాన్న బీపీ మాత్రలు వేళకే వేసుకుంటున్నారు. బుజ్జి మేడ మీద గదికి సున్నం వేయించాడు. ఈసారి కాయ ధర మండిపోయింది, అయినా ఆవకాయ పెట్టాను. నీ వంతు వేరే జాడీలో తీసి ఉంచాను. శేషు జూలైలో తిరిగి అమెరికా వస్తున్నాడు కదా, అతనితో పంపిస్తాను. అల్లుడుగారికి వెల్లుల్లి లేకుండా కొంచెం విడిగా కలిపాను.

ఇవన్నీ ఫోనులోనే చెప్పేదాన్ని. ఉగాదికి మాట్లాడినదానివి, మళ్లీ నీ గొంతు వినలేదు. వాట్సాప్‌లో రోజూ ఒక దండం బొమ్మ పెడుతున్నావు, దాన్నిబట్టి నువ్వు ఎలా ఉన్నావో నాకేం తెలుస్తుంది? మొన్న చినమావయ్య మనవడి అన్నప్రాశనలో పార్వతి పిన్ని నన్ను పక్కకు పిలిచి, "మాధవి గ్రీన్‌కార్డు కాగితాలు పేరు తేడా వచ్చి ఆగిపోయాయటగా అక్కా" అంది. విస్తరి ముందు కూర్చున్నానేగాని ముద్ద దిగలేదు. నిజమేనా? నిజమైతే మాకెందుకు చెప్పలేదు?

చిట్టి సరిగ్గా తింటోందా? ఫొటోలో చేతులు సన్నగా కనిపించాయి. ఆదివారమన్నా తలకు నూనె పెట్టు.

పేరు సంగతికే వస్తాను. టెన్త్ మెమోలో మన ఇంటిపేరు ఒక్క అక్షరంగా నీ పేరు ముందుంది. డిగ్రీ పట్టాలో పూర్తిగా ఉంది. పెళ్లయ్యాక వీసా తొందరలో ఏజెంటు చెప్పాడని పాస్‌పోర్టులో అల్లుడుగారి ఇంటిపేరు చేర్చారు. పెళ్లయిన ఆడది ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ లేదు, మార్చుకుంటే తప్పూ లేదు. అందుకే మన ఆడపిల్లల్లో సగం మందికి రెండు మూడు పేర్లుంటాయి. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే, అక్కడి ఆఫీసరుకు ఎలా తెలుస్తుంది? ఆయన ముందు కాగితాలే ఉంటాయి.

మీ నాయనమ్మ పొలం గొడవ నీకు పూర్తిగా తెలియదు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. పుట్టింటివారు పెట్టిన పేరు వెంకటసుబ్బమ్మ. మెట్టినింట అత్తగారిదీ అదే పేరు కావడంతో, కోడల్ని ఆ పేరుతో కేకలెయ్యలేమని మహాలక్ష్మి అని పెట్టారు. పసుపు కుంకుమల కింద వాళ్ల నాన్న ఇచ్చిన అరెకరం కాగితం వెంకటసుబ్బమ్మ పేరున ఉంది. రేషన్ కార్డు, పింఛను, ఆధార్ అన్నీ మహాలక్ష్మి. తాతయ్య పోయాక పాసుపుస్తకానికి వెళితే గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి "వీళ్లిద్దరూ ఎవరు?" అన్నాడు. ఆవిడ ఎదురుగా నిలబడే ఉంది! మీ నాన్నకు కోపం వచ్చి, ఆధార్‌లో పేరు మార్పించేద్దాం పదమన్నారు. నేను ఒప్పుకోలేదు. అది మారిస్తే పింఛను దగ్గర ఇంకో తేడా మొదలవుతుంది.

ట్రంకుపెట్టె అంతా వెతికితే అడుగున వాళ్ల పెళ్లినాటి చదివింపుల పుస్తకం దొరికింది. పురికొస కుట్టిన పొడుగు పుస్తకం, మూలలకు పసుపు ఇంకా అంటి ఉంది. మొదటి పేజీలో నాయనమ్మ అసలు పేరు, కింద వరసగా రెండు రూపాయలు, ఇత్తడి చెంబు, అర్ధరూపాయి అంటూ చదివించినవాళ్ల పేర్లు. వాళ్లలో బతికున్నదెవరా అని ఒక్కొక్కరినీ వాకబు చేశాం. కొమ్మూరు బాబాయి, సీతమ్మత్త మిగిలారు. ఇద్దరూ వచ్చి వీఆర్వో ముందు సాక్ష్యం చెప్పారు. స్టాంపు పేపరు మీద వెంకటసుబ్బమ్మ, మహాలక్ష్మి ఒక్కరేనని అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాం. రెండు పేర్లూ "అలియాస్" అని కలిపి పాసుపుస్తకం వచ్చాక, నాయనమ్మ మధ్యలో ఆ మాట ఎక్కడుందో వేలితో చూపించమని అడిగింది.

నీకు చెప్పేదీ అదే. ఏ పేరూ మార్చకు, ఏదీ దాచకు. ఉన్న పేర్లను కలిపే కాగితం చూపించు. రమణ కొడుకు ఈ దారిలోనే వెళ్లాడు కాబట్టి అతన్ని అడిగి అన్నీ రాసుకున్నాను. గ్రీన్‌కార్డుకు పెట్టే ఐ-485 ఫారంలో ఇంతకుముందు వాడిన పేర్లు రాయడానికి చోటుంటుందట. పెళ్లికి ముందు పేరు, ఇంటిపేరు ముందు రాసినది, వెనక రాసినది, అన్నీ రాయి. కలిపే కాగితం మీ పెళ్లి సర్టిఫికెట్. అన్నవరం కొండ మీద ఇచ్చిన రసీదు కాదు, హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఇచ్చినది. దాని కాపీ బీరువాలో ఉంది, బుజ్జి చేత స్కాన్ తీయిస్తాను.

నీ పుట్టిన సర్టిఫికెట్లో పేరు గడి ఖాళీగా ఉంది. పేరు చేర్పించడానికి మీ నాన్న సోమవారం మున్సిపాలిటీకి వెళ్తున్నారు. చాలకపోతే మేమిద్దరం అఫిడవిట్ ఇస్తాం. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, చేసినవారి సంతకంతో జతచేయాలి. తల్లి పుట్టినప్పటి పేరు కూడా అడుగుతారట. నాకు మా నాన్నగారి ఇంటిపేరు రాయి, మన ఇంటిపేరు కాదు.

అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసువాళ్లు ఇంకా కాగితాలు కావాలని నోటీసు పంపి ఉంటే మాత్రం ఆలస్యం చేయకు. గడువు నోటీసులోనే ఉంటుంది, 12 వారాలకు మించి ఇవ్వరు, అడిగినా పొడిగించరు. అడిగినవన్నీ ఒకేసారి పంపాలి. ఒకటి ఇప్పుడు, ఇంకోటి తర్వాత అంటే ఉన్నవాటితోనే తేల్చేస్తారు. ఇల్లు మారారు కదా, 10 రోజుల్లోపు అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11 తో వాళ్లకు కొత్త అడ్రసు తెలియజేశారా? లేకపోతే నోటీసు పాత ఇంటి డబ్బాలో పడి ఉంటుంది. ఈ సాయంత్రమే అల్లుడుగారిని వెళ్లి చూసి రమ్మను.

అందరి పేర్లూ ఒకే తీరుగా ఉండాలని నీకు మరీ అనిపిస్తే, పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు పెట్టేటప్పుడు పేరు మార్చమని అడగొచ్చట. అప్పుడు చూసుకోవచ్చు. ఇప్పుడు ఎవరేం చెప్పినా పాస్‌పోర్టు జోలికి పోకు, లాయరునే అడుగు.

నువ్వు టెన్షన్ పడితే తిండి మానేస్తావు, చిన్నప్పటి నుంచీ అంతే. పెరుగన్నమన్నా తిను. నోటీసు వచ్చిందో లేదో, వస్తే దాని మీద తేదీ ఎంతో ఈ వారంలో ఫోను చేసి చెప్పు. రాత్రి ఎంత పొద్దుపోయినా పర్లేదు, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
అమ్మ