గోడకు అవతలి టీచరమ్మ

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటినుంచీ ఈ ఉత్తరం రాయాలనే ఉంది. అంగన్‌వాడీల్లో పిల్లలకు చదువు సరిగ్గా చెప్పడం లేదని, నిర్లక్ష్యం చేస్తే చర్యలు తప్పవని సమీక్షలో ఓ అధికారి హెచ్చరించారట. పక్కనే సమావేశ మందిరం ఫొటో వేశారు. ఆ బల్ల చుట్టూ ఒక్క అంగన్‌వాడీ టీచరూ కనిపించలేదు. వార్తలో వాళ్ల మాట ఒక్క వాక్యమైనా లేదు. మీ విలేకరి అడగలేదు కాబట్టి నేను చెబుతాను.

రాజాం దగ్గర ఓ పల్లెలో ప్రాథమిక పాఠశాల హెచ్చెమ్‌గా పనిచేసి రిటైరయ్యాను. చివరి పదకొండేళ్లు మా బడీ అంగన్‌వాడీ కేంద్రమూ ఒకే ఆవరణలో ఉండేవి. మధ్యన నడుమెత్తు గోడ. ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో ఆ గోడ అవతలినుంచి ఎవరొచ్చారో వారం తిరక్కుండా చెప్పేవాణ్ణి. వాళ్లకి వరసలో నిలబడ్డం తెలుసు. అన్నానికి ముందు చేతులు కడుక్కోవాలని తెలుసు. ఒంటికొస్తే చెప్పడం తెలుసు. పలక నిలబెట్టి పట్టుకోవడం, పక్కవాడి వంతు అయ్యేదాకా ఆగడం తెలుసు. ఈ పనులన్నీ నేను మొదలుపెట్టాల్సొస్తే అక్షరం దిద్దించేసరికి సంక్రాంతి దాటిపోయేది. నా దగ్గర చదివి ఉద్యోగాలొచ్చిన పిల్లలు ఇప్పటికీ బజార్లో ఆగి నాకు దండం పెడతారు. ఆ దండంలో సగం గోడ అవతలి అంగన్‌వాడీ టీచరమ్మది.

ఒక పిల్లాడి సంగతి చెప్పాలి. తల్లీ తండ్రీ చెన్నైలో భవనాల పనికి వలసపోయారు. మా వైపు ఇది ప్రతి వీధిలోనూ ఉన్నదే. మూడున్నరేళ్ల గుంటణ్ణి నాయనమ్మ తెచ్చి కేంద్రంలో దింపేది. మూడు నెలలపాటు నోరు విప్పలేదు. మూగవాడేమోనని ఊళ్లో అనుకున్నారు. టీచరమ్మ వాణ్ణి మాట్లాడమని ఒక్కనాడూ బలవంతపెట్టలేదు. రోజూ తన పక్కన కూచోబెట్టుకుని దోసెడు చింతపిక్కలు ముందు పోసేది. వాడు వరసలు పేర్చేవాడు, చెరిపేవాడు. ఒకనాడు మధ్యాహ్నం గుడ్లు పంచుతుంటే వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని, "టీచరమ్మా, నాను ఒలుత్తాను" అన్నాడు. గోడ ఇవతలినుంచి నేనది చెవులారా విన్నాను. ఆవిడ గుడ్డు వాడి చేతికిచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ మిగతా పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది. ఈ పని ఏ రిజిస్టర్లో ఏ గడిలో రాయాలి? ఏ సమీక్షలో లెక్కకొస్తుంది?

అదే ఏడాది నాకు ఇంక్రిమెంటు వచ్చింది. వేసవిలో నెలన్నర సెలవులు, పీఎఫ్, ఇప్పుడు పింఛను. ఆవిడకి 2019లో పెరిగిన తర్వాత చేతికొచ్చింది నెలకు 11,500 రూపాయలు. ఆయాకి 7,000. అదీ జీతం కాదు, గౌరవ వేతనమని పేరు. వేసవిలో టీచరూ ఆయా వంతులు వేసుకుని కొద్ది రోజులు ఇంటిపట్టున ఉండాలి. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీలంతా సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డుమీద కూచుంటే, ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. అత్యవసర సేవ అన్నమాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. అంత అత్యవసరమైన మనిషికి ఇచ్చేది అంతేనా? ఉద్యోగం విడిచేటప్పుడు ఒక్కసారిగా ఇచ్చే సొమ్ము గ్రాట్యుటీ, ఆ చట్టం వీళ్లకూ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 1972 నాటి చట్టమది. అంగన్‌వాడీలు పుట్టింది 1975 అక్టోబరు 2న, 33 బ్లాకుల్లో. అంటే వాళ్ల కేంద్రం తెరిచేనాటికే ఆ చట్టం ఉంది.

ఇక చదువు చెప్పడం లేదన్న ఆరోపణ. పొద్దున్న తొమ్మిదికి కేంద్రం తెరిచింది మొదలు ఆవిడ చేతిలో ఫోను ఉండాలి. హాజరు, బరువు, ఎత్తు, గర్భిణుల వివరాలు, బాలామృతం, పాలు, గుడ్ల లెక్క అన్నీ అందులోనే. 2021లో ఈ లెక్కలన్నీ ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. తర్వాత రేషన్ తీసుకునే తల్లుల ముఖాలు ఫొటో తీయడమూ వచ్చింది. బాలింత ఎండలో నిలబడి ఫోను వంక చూస్తుంది, తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. సిగ్నల్ కోసం ఆవిడ మా బడి మెట్లెక్కి చెయ్యి పైకెత్తి నిలబడేది. కింద ఓ పిల్ల కొంగు లాగుతూ, "టీచరమ్మా, పాట" అని ఏడ్చేది. ఆ పిల్లకి పాట పాడితే ఫోన్లో ఎర్ర గడి పడుతుంది, ఫోను చూసుకుంటే చదువు చెప్పలేదంటారు. దానికితోడు ఓటర్ల జాబితా పని, టీకాల రోజు ఇళ్లకి తిరగడం.

ఇందులో నా తప్పూ ఉంది. మండలానికి మీటింగుకెళ్లినప్పుడల్లా ఒకటో తరగతిని కాస్త చూడమని ఆవిడకి అప్పజెప్పేవాణ్ణి. కాదనేది కాదు. సొంత పిల్లలు పాతికమందిని పెట్టుకుని నా పిల్లల్నీ చూసేది. అది అన్యాయమని అప్పుడు తోచలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

శిక్షణ గురించి గట్టిగా చెప్పాలి. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాసుకున్నారు. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా, నెలకొకసారైనా ముఖాముఖి తరగతి, దాన్ని పాఠశాల విద్యాశాఖ క్లస్టర్లు, అంటే చుట్టుపక్కల బడుల్ని కలిపిన కేంద్రాలు, చూడాలని అందులోనే ఉంది. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ మా క్లస్టర్‌లో అలాంటి తరగతి ఒక్కటి జరగలేదు. సెక్టార్ మీటింగులంటే అంకెలు ఒప్పజెప్పడం. 2024లో కేంద్ర ప్రభుత్వం ఆధారశిల అనే పాఠ్య ప్రణాళిక ఇచ్చింది. ఆసాంతం చదివాను, మంచి పుస్తకం. ఆట ద్వారా చదువెలా చెప్పాలో అందులో ఉంది. అయితే మూడు రోజులు హాల్లో కూచోబెట్టి చెబితే అది చేతికి అలవడదు. నాకు పదిమంది సీనియర్లు క్లాసులో కూచుని, "ఇలా కాదు మాస్టారూ, ఇలా చెప్పండి" అని చూపించారు. ఆవిడ కేంద్రానికి వచ్చినవాళ్లు రిజిస్టర్లు చూసి, గుడ్లు లెక్కపెట్టి వెళ్లారు. ఆవిడ పాఠం చెబుతుంటే పది నిమిషాలు కూచుని విన్నవాళ్లు నేను చూడగా లేరు. పైకెళ్లే మెట్టు ఒక్కటే, గ్రేడ్-2 సూపర్‌వైజర్ పోస్టు. అది దాటి బాగా చదువు చెబుతున్నందుకు గుర్తింపు అంటూ వాళ్లకేమీ లేదు.

మార్పులకేం తక్కువ లేదు. 2022లో బడుల వర్గీకరణ మార్చే ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 117, వచ్చి మా బడిని ఫౌండేషన్ స్కూలన్నారు, ఒకటో తరగతికి ముందు పీపీ-1, పీపీ-2 అన్నారు. ఆ ఏప్రిల్‌లోనే మా రాజాం శ్రీకాకుళం జిల్లానుంచి విజయనగరం జిల్లాకి వచ్చింది. కేంద్రం గోడమీద శ్రీకాకుళం అన్న అక్షరాల మీద సున్నం కొట్టి విజయనగరం అని రాశారు. కురిసే కప్పు అలాగే ఉంది. వానాకాలం ఆవిడ పిల్లల్ని ఓ మూల నుంచి ఇంకో మూలకి జరుపుతూ కథలు చెప్పేది. నడుం నొప్పని బెల్టు పెట్టుకుని తిరిగేది. రోజంతా నేలమీద కూచుని లేచేవాళ్లకి ఆ నొప్పి రాక తప్పదు. వాళ్ల ఒంటినిండా, మనసునిండా ఏముందో అడిగే మనిషి ఒక్కరు ఉండొద్దా ఈ వ్యవస్థలో?

సమీక్ష చేసిన ఆ అధికారికి మీ పత్రిక ద్వారా ఒకటే మనవి. ముందుగా చెప్పకుండా ఒకరోజు ఆ కేంద్రానికి రండి. రిజిస్టర్లు అడక్కండి, ఆవిడ ఫోను పన్నెండింటిదాకా మీ దగ్గర పెట్టుకోండి. చాపమీద పిల్లల మధ్య కూచోండి. ఆవిడ పాఠం చెబుతుంది, మీరు వినండి. అయ్యాక ఇంకా ఏం నేర్చుకోవాలనుందో ఆవిణ్ణే అడగండి, అడిగినది రాసుకుని వెళ్లండి. చింతపిక్కల డబ్బా కిటికీ గూట్లో ఉంటుంది.

ఇట్లు,
ఓ విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
రాజాం మండలం, విజయనగరం జిల్లా.